ఇంగ్లీషు ‘జస్ట్’ను సరిగ్గా అర్థం చేసుకోవడం, వాడడం ఎలా?

ఇంగ్లీషు నేర్చుకుంటున్నవారు తరచుగా అడిగే ప్రశ్నలలో ‘జస్ట్’ గురించినది ఒకటి. ‘ఐ హావ్ జస్ట్ ఈటెన్’ అంటే ‘కేవలం తిన్నాను’ అని చెప్పుకోవాలా, ‘ఇట్ ఈజ్ జస్ట్ పర్ఫెక్ట్’ అన్నవారు మెచ్చుకుంటున్నారా, చులకన చేస్తున్నారా అన్న సందేహం పాఠకుల నుండి పదేపదే వస్తోంది. ఈ చిక్కుకు కారణం మన వాడుకలోనే ఉంది. ‘జస్ట్ అడిగానంతే’, ‘జస్ట్ పది నిమిషాలు ఆగు’ అంటూ ఈ మాటను మనం తెలుగులోకి తెచ్చుకున్నప్పుడు దానికున్న అర్థాలలో దాదాపు ఒక్కదానినే తెచ్చుకున్నాము. అందువల్ల ఇంగ్లీషు వాక్యంలో ఆ మాట ఎక్కడ ఎదురైనా ముందుగా ‘కేవలం’ అన్న అర్థమే తడుతుంది, చాలాచోట్ల అది తప్పుతుంది.

ఈ వ్యాసం పొడవునా గుర్తుంచుకోవలసిన విషయం ఒకటే: ‘జస్ట్’కు అర్థం చెప్పే ముందు అది వాక్యంలో ఏ మాటను పట్టుకుని నిలబడిందో చూడాలి. పట్టుకున్న మాట మారితే అర్థం మారుతుంది. కింది మెట్లన్నీ ఆ మాటను గుర్తించే పద్ధతులే.

కావలసినవి

- ఇంగ్లీషులో మామూలు సంభాషణలు ఉన్న రెండు మూడు పేజీలు. కథ అయినా, ఇంటర్వ్యూ అయినా, మీకు వచ్చిన ఉత్తరాలైనా సరే. పాఠ్యపుస్తకంలోని వ్యాకరణ వాక్యాలకన్నా మనుషులు మాట్లాడుకున్న మాటలే ఈ పనికి బాగా ఉపయోగపడతాయి.
- మీరు స్వయంగా ఇంగ్లీషులో రాసిన ఒక పేజీ.
- ఉదాహరణ వాక్యాలు ఇచ్చే నిఘంటువు. అర్థాల పట్టిక మాత్రమే ఇచ్చే చిన్న నిఘంటువు ఇక్కడ చాలదు.
- ఒక పెన్సిలు, పైకి చదవడానికి వీలైన చోటు.

1. అది క్రియావిశేషణమా, విశేషణమా తేల్చుకోండి

‘ఎ జస్ట్ డెసిషన్’ అంటే న్యాయమైన నిర్ణయం. ఇక్కడ ‘జస్ట్’ నామవాచకానికి ముందు నిలిచిన విశేషణం, ‘జస్టిస్’ అన్న మాటకు దగ్గరి చుట్టం. మన విషయం ఇది కాదు. ‘జస్ట్’ స్థానంలో ‘ఫెయిర్’ పెట్టి చదవండి. వాక్యం నిలిస్తే అది విశేషణమే కాబట్టి పక్కన పెట్టేయండి. ‘న్యాయంగా’ అని చెప్పవలసి వచ్చినప్పుడు ఇంగ్లీషులో ‘జస్ట్లీ’ అని వేరే రూపం ఉంది. ‘హి వాజ్ జస్ట్ పనిష్డ్’ అంటే అతనికి ఇప్పుడే శిక్ష పడిందని అర్థం. ‘హి వాజ్ జస్ట్లీ పనిష్డ్’ అంటే అతనికి న్యాయంగానే శిక్ష పడిందని అర్థం.

లాటిన్ మూలంలో ఈ మాటకు ‘న్యాయమైన, ధర్మబద్ధమైన’ అన్న అర్థం ఉండేది. ఇంగ్లీషులో క్రియావిశేషణంగా అది మొదట ‘సరిగ్గా’ అన్న అర్థం తీసుకుని, తరువాతి కాలంలో ‘మాత్రమే’ వైపుకు సాగింది. అంటే మనం మొదటి అర్థంగా భావిస్తున్నది నిజానికి వెనుక వచ్చినది. సిద్ధాంతం ఇంతవరకు చాలు.

2. కాలాన్ని పట్టుకున్నదా చూడండి

‘జస్ట్’ పక్కన జరిగిపోయిన పనిని చెప్పే క్రియ ఉంటే ముందుగా ‘ఇప్పుడే’ అని అనుకోండి. ‘ఐ హావ్ జస్ట్ ఫినిష్డ్ ద రిపోర్ట్’ అంటే ఇప్పుడే నివేదిక పూర్తిచేశాను. ‘షి హాడ్ జస్ట్ లెఫ్ట్ వెన్ ఐ కాల్డ్’ అంటే నేను ఫోన్ చేసేసరికి ఆమె అప్పుడే బయలుదేరింది. జరగబోయే పనితో వస్తే అదే మాట ముందుకు చూస్తుంది: ‘ఐ వాజ్ జస్ట్ అబౌట్ టు కాల్ యు’ అంటే నీకు ఫోన్ చేయబోతూనే ఉన్నాను.

ఇక్కడ ఏ కాలరూపం వాడాలన్నది తరచుగా వచ్చే సందేహం. బ్రిటిష్ ఇంగ్లీషులో ‘ఐ హావ్ జస్ట్ ఈటెన్’ అనడమే పాత అలవాటు. అమెరికన్ ఇంగ్లీషులో ‘ఐ జస్ట్ ఏట్’ అనడం సర్వసాధారణం. రెండింటిలో ఏదీ తప్పు కాదు, కానీ ఒకే ఉత్తరంలో రెండింటినీ కలపకపోవడం మంచిది. పరీక్ష కోసం చదువుతున్నవారు ‘హావ్’తో కూడిన రూపాన్నే అలవాటు చేసుకుంటే ఇబ్బంది రాదు.

జాగ్రత్తపడవలసిన చోట్లు ఇవి.

- ‘ఐ హావ్ జస్ట్ అరైవ్డ్ ఎస్టర్డే’ అనకూడదు. ‘హావ్’ ఉన్న ఈ కాలరూపం పక్కన ‘నిన్న’, ‘మొన్న’, ‘రెండు గంటలకు’ వంటి గడిచిపోయిన సమయపు మాటలు ఇమడవు. ‘ఐ అరైవ్డ్ జస్ట్ ఎస్టర్డే’ అనవచ్చు, అప్పుడు అర్థం ‘నిన్ననే వచ్చాను’ అని.
- ‘ఐ హావ్ సీన్ హిమ్ జస్ట్ నౌ’ అని మనవారు విరివిగా అంటారు. ప్రామాణిక వాడుకలో ‘ఐ హావ్ జస్ట్ సీన్ హిమ్’ అనాలి, లేదా ‘ఐ సా హిమ్ జస్ట్ నౌ’ అనాలి.
- ‘జస్ట్ నౌ’కు రెండు అర్థాలున్నాయి. భూతకాల క్రియతో వస్తే ‘ఇందాకే’ అని, వర్తమానంతో వస్తే ‘ప్రస్తుతం’ అని. ‘షి ఈజ్ బిజీ జస్ట్ నౌ’ అంటే ఆమె ప్రస్తుతం పనిలో ఉంది. దక్షిణాఫ్రికా ఇంగ్లీషులో మాత్రం ఈ జంటకు ‘కాసేపటి తరువాత’ అన్న అర్థం ఉంది కాబట్టి, అక్కడివారు ‘ఐ విల్ డూ ఇట్ జస్ట్ నౌ’ అంటే పని వెంటనే మొదలవుతుందని అనుకోకండి.
- ‘ఇందాకే వెళ్ళాడు’ అనడానికి ‘హి లెఫ్ట్ జస్ట్ బిఫోర్’ అని ఆపేయకూడదు. ‘బిఫోర్’ అన్నాక దేనికి ముందు అన్న ప్రశ్న మిగులుతుంది. దానికి జవాబు ముందు వాక్యంలోనైనా లేనప్పుడు ‘హి హాజ్ జస్ట్ లెఫ్ట్’ అని చెప్పడమే సరైనది.

ఇంకొక తికమక తెలుగు వైపు నుండి వస్తుంది. ‘అప్పుడే వెళ్ళిపోతున్నావా?’ అన్న ప్రశ్నలోని ‘అప్పుడే’కు ‘జస్ట్’ పనికిరాదు. ఇంత తొందరగానా అన్న ఆశ్చర్యాన్ని చెప్పే మాట ‘ఆల్రెడీ’. ‘ఆర్ యు లీవింగ్ ఆల్రెడీ?’ అని అడగాలి. పని జరిగి క్షణమే అయిందని చెప్పే ‘అప్పుడే’కు మాత్రమే ‘జస్ట్’ సరిపోతుంది.

3. పోలికను, స్థలాన్ని, సమయాన్ని పట్టుకున్నదా చూడండి

‘లైక్’, ‘ఆజ్’, ‘వాట్’, ‘రైట్’, ‘దెన్’ వంటి మాటల ముందు నిలబడితే ‘జస్ట్’ దాదాపు ఎప్పుడూ ‘సరిగ్గా’ అన్న అర్థమే ఇస్తుంది. ‘దిస్ ఈజ్ జస్ట్ వాట్ ఐ నీడెడ్’ అంటే సరిగ్గా నాకు కావలసింది ఇదే. ‘షి ఈజ్ జస్ట్ లైక్ హర్ మదర్’ అంటే అచ్చం వాళ్ళ అమ్మలాగే ఉంటుంది. ‘హి ఈజ్ జస్ట్ ఆజ్ టాల్ ఆజ్ యు’ అంటే నువ్వెంత పొడవో అతనూ అంతే పొడవు. ఇక్కడ ‘కేవలం’ అని తెలుగు చేస్తే పొగడ్త కాస్తా చిన్నచూపుగా మారిపోతుంది. అందుకే ఈ మెట్టును త్వరపడి దాటవద్దు.

‘జస్ట్ ఆజ్’ రెండు పనులు చేస్తుంది. ‘జస్ట్ ఆజ్ ఐ వాజ్ లీవింగ్, ద ఫోన్ ర్యాంగ్’ అన్నప్పుడు అది సమయం: సరిగ్గా బయలుదేరుతుండగా ఫోన్ మోగింది. ‘డూ ఇట్ జస్ట్ ఆజ్ ఐ షోడ్ యు’ అన్నప్పుడు అది పద్ధతి: నేను చూపించినట్టే చెయ్యి.

‘ఆఫ్టర్’, ‘బిఫోర్’, ‘బిలో’, ‘బిహైండ్’ ముందు మాత్రం ‘సరిగ్గా’ కన్నా ‘కొద్దిగా’ అన్న భావం పైకి వస్తుంది. ‘జస్ట్ ఆఫ్టర్ సిక్స్’ అంటే ఆరు దాటిన కాసేపటికే. ‘జస్ట్ బిలో ద విండో’ అంటే కిటికీకి కొంచెం కిందుగా.

ఈ మెట్టులో మీ పట్టును చూసుకోవడానికి ‘ఓన్లీ’తో జతచేసి చదవడం మంచి సాధన. ‘ఓన్లీ ఆఫ్టర్ ద మీటింగ్’ అంటే సమావేశం అయ్యాకనే, అంతకు ముందు కాదు. ‘జస్ట్ ఆఫ్టర్ ద మీటింగ్’ అంటే సమావేశం అయిన వెంటనే. మొదటిది షరతు, రెండవది సమయం. అలాగే ‘ఓన్లీ దెన్’ అంటే అప్పుడు గానీ కాదు. ‘జస్ట్ దెన్’ అంటే సరిగ్గా అదే సమయానికి. ఒప్పందాలలోనూ సూచనలలోనూ ఈ రెండింటినీ తారుమారు చేస్తే చెప్పినదానికి పూర్తిగా వేరే అర్థం వస్తుంది.

4. సంఖ్యను, పరిమాణాన్ని, కారణాన్ని పట్టుకున్నదా చూడండి

మనకు బాగా తెలిసిన ‘కేవలం’ ఇక్కడిది. ‘జస్ట్ టు పేజెస్’, ‘జస్ట్ ఎ జోక్’, ‘జస్ట్ బికాజ్ యు ఆర్ ఓల్డర్’. అయితే ఇక్కడ కూడా తెలుగులో ప్రతిసారీ ‘కేవలం’ అని రాయనక్కరలేదు. మన భాషలో చివరి ‘ఏ’ ఆ పనిని చక్కగా చేస్తుంది: రెండు పేజీలే. ‘ఒకటి’ని ‘ఒక్క’గా ఒత్తి పలికినా చాలు: ‘జస్ట్ ఎ మినిట్’ అంటే ఒక్క నిమిషం. ‘కేవలం ఒక నిమిషం మాత్రమే’ అని రాస్తే ఒకే అర్థాన్ని రెండు మూడు సార్లు చెప్పినట్టవుతుంది, అనువాదాలలో ఈ బరువు ఎక్కువగా కనిపిస్తోంది.

‘ఎనీ’తో కలిసినప్పుడు అర్థం కొంచెం తిరుగుతుంది. ‘హి డజ్ నాట్ ట్రస్ట్ జస్ట్ ఎనీవన్’ అంటే అతను ఎవరిని పడితే వారిని నమ్మడు. కొందరిని నమ్ముతాడన్నమాట. ‘జస్ట్’ తీసేస్తే అతను ఎవరినీ నమ్మడు. ఒక్క చిన్న మాట ఉండడం, లేకపోవడం వల్ల మనిషి స్వభావమే వేరుగా కనిపిస్తోంది.

5. ‘కొద్దిలో’ అన్న అర్థం ఉందేమో పరిశీలించండి

‘కెన్’, ‘మిస్’, ‘మేనేజ్’, ‘ఎనఫ్’ వంటి మాటల దగ్గర ‘జస్ట్’ అంచును సూచిస్తుంది. ‘ఐ కెన్ జస్ట్ సీ ద రూఫ్’ అంటే ఇంటికప్పు లీలగా కనిపిస్తోంది. ‘వుయ్ హావ్ జస్ట్ ఎనఫ్ టైమ్’ అంటే సమయం బొటాబొటిగా సరిపోతుంది. ‘ద బాల్ జస్ట్ మిస్డ్ హిజ్ హెడ్’ అంటే బంతి వెంట్రుకవాసిలో అతని తలను తప్పించుకుపోయింది.

ఈ అర్థాన్ని స్పష్టంగా చెప్పదలిస్తే ‘ఓన్లీ జస్ట్’ అనవచ్చు. ‘హి ఓన్లీ జస్ట్ పాస్డ్’ అంటే అత్తెసరు మార్కులతో గట్టెక్కాడు. ఇది ఒకే అర్థమున్న రెండు మాటలు అనవసరంగా చేరిన జంట కాదు, ఇంగ్లీషులో స్థిరపడిన ప్రయోగం.

‘మైట్ జస్ట్’ వచ్చినప్పుడు ఆశ సన్నగా కనిపిస్తుంది. ‘ఇట్ మైట్ జస్ట్ వర్క్’ అంటే ఏమో, పనిచేసినా చేయవచ్చు. ‘జస్ట్ అబౌట్’ వచ్చినప్పుడు ‘దాదాపు’ అని చెప్పుకోండి: ‘ఐ హావ్ జస్ట్ అబౌట్ ఫినిష్డ్’ అంటే దాదాపు అయిపోయింది. ‘జస్ట్ అబౌట్ టు’తో దీన్ని కలపకూడదు. ఆ ‘టు’ వెనుక క్రియ ఉంటే పని ఇంకా మొదలే కాలేదు, మొదలుకాబోతోంది.

6. మాట తీరును గమనించండి

పై నాలుగు అర్థాలలో ఏదీ కుదరకపోతే ‘జస్ట్’ అక్కడ సమాచారం కోసం కాక స్వరం కోసం వచ్చిందని తెలుసుకోవాలి. ఇది అన్నింటికన్నా సున్నితమైన చోటు. నేర్చుకునేవారు మాట్లాడేటప్పుడు ఎక్కువగా పొరపడేది కూడా ఇక్కడే.

మొదటి తీరు మెత్తదనం. ‘కుడ్ ఐ జస్ట్ ఆస్క్ వన్ థింగ్?’ అన్నవారు ఒక్క మాట అడగవచ్చా అని వినయంగా అనుమతి కోరుతున్నారు. ‘ఐ వాజ్ జస్ట్ ఆస్కింగ్’ అంటే ఊరికే అడిగాను. మన ‘ఊరికే’కు ఇంగ్లీషులో దొరికే మంచి జోడి ఇదే. ‘ఊరికే వచ్చాను’ అన్నదాన్ని ‘సింప్లీ ఐ కేమ్’ అని చెప్పడం మనవారిలో బాగా పాతుకుపోయింది. ఇతర ప్రాంతాలవారికి అది బోధపడదు. ‘ఐ జస్ట్ కేమ్ టు సే హలో’ అనండి, లేదా ‘నో రీజన్, ఐ జస్ట్ డ్రాప్డ్ ఇన్’ అనండి.

రెండవ తీరు ఒత్తిడి. ‘ఇట్ వాజ్ జస్ట్ వండర్‌ఫుల్’ అన్నప్పుడు అది మెచ్చుకోలును తగ్గించడం లేదు, పెంచుతోంది. ‘ఐ జస్ట్ కాంట్ బిలీవ్ ఇట్’ అంటే అసలు నమ్మలేకపోతున్నాను. ఇలాంటి చోట తెలుగులో ‘అసలు’, ‘నిజంగా’, ‘ఎంతో’ అన్నవి నప్పుతాయి. మొదట్లో చెప్పిన ‘ఇట్ ఈజ్ జస్ట్ పర్ఫెక్ట్’ ఈ కోవలోనిదే. అది పూర్తి మెచ్చుకోలు.

మూడవ తీరు విసుగు. ‘జస్ట్ టెల్ మి వాట్ హాపెన్డ్’ అన్న వాక్యం మెల్లగా పలికితే ఓదార్పు, వేగంగా ఒత్తి పలికితే ‘ఏం జరిగిందో చెప్పి చావు’ అన్నంత కటువు. రాతలో స్వరం వినిపించదు కాబట్టి పైఅధికారికి గానీ, పరిచయం లేనివారికి గానీ రాసేటప్పుడు ఆజ్ఞార్థక క్రియ ముందు ‘జస్ట్’ పెట్టకండి. ‘జస్ట్ సెండ్ ద ఫైల్’ అని రాయడం కన్నా ‘కుడ్ యు ప్లీజ్ సెండ్ ద ఫైల్?’ అని రాయడం అన్ని విధాలా క్షేమం. తెలుగులో ‘జస్ట్ పంపండి చాలు’ అన్నప్పుడు వినిపించే చనువు ఇంగ్లీషు ఉత్తరంలో వినిపించకపోవచ్చు.

ఇంకొక ప్రమాదం ఎదుటివారి పనిని తక్కువ చేయడం. ‘యు జస్ట్ నీడ్ టు రీరైట్ ద చాప్టర్’ అని రాస్తే, అధ్యాయమంతా తిరగరాయడం పెద్ద పనేమీ కాదని మీరు అన్నట్టు అవుతుంది. చేయవలసినవారికి అది మనసు నొప్పించే మాట.

7. స్థానాన్ని సరిచూసుకోండి

‘జస్ట్’ సాధారణంగా ప్రధాన క్రియకు ముందు, సహాయక క్రియకు వెనుక, ‘ఈజ్, ఆర్, వాజ్’ వంటివాటికి వెనుక వస్తుంది. ఒక నామవాచకానికి లేదా సంఖ్యకు పరిమితం చేయాలంటే దానికి సరిగ్గా ముందు పెట్టాలి. ఇది తెలిసినవారు కూడా ‘నాట్’ దగ్గర తడబడతారు కాబట్టి కింది జంటలను నిదానంగా చదవండి.

‘ఐ జస్ట్ డోంట్ లైక్ హిమ్’ అంటే అతనంటే నాకు అసలు ఇష్టం లేదు. ‘ఐ డోంట్ జస్ట్ లైక్ హిమ్, ఐ అడ్మైర్ హిమ్’ అంటే నాకతనంటే ఇష్టం మాత్రమే కాదు, గౌరవం కూడా. ‘ఐ జస్ట్ కాంట్ లీవ్’ అంటే వెళ్ళడం నా వల్ల కానే కాదు. ‘ఐ కాంట్ జస్ట్ లీవ్’ అంటే ఉన్నపళంగా, చెప్పాపెట్టకుండా వెళ్ళిపోలేను. ‘జస్ట్ నాట్ గుడ్’ అంటే ఏమాత్రం బాగాలేదు. ‘నాట్ జస్ట్ గుడ్’ అంటే బాగుండడమే కాదు, అంతకు మించి ఉంది.

గుర్తు ఇది: ‘జస్ట్’ ముందుంటే అది నిరాకరణను గట్టిపరుస్తుంది, ‘నాట్’ ముందుంటే అది ‘జస్ట్’ను తోసిపుచ్చుతుంది.

కొన్నిసార్లు స్థానం వల్ల రెండర్థాలు వస్తాయి. ‘ఐ జస్ట్ సా టు ఆఫ్ దెమ్’ అంటే ఇప్పుడే ఇద్దరిని చూశాననా, ఇద్దరినే చూశాననా? మాట్లాడేటప్పుడు సందర్భమూ ఒత్తిపలకడమూ దీన్ని తేలుస్తాయి, రాసేటప్పుడు మీరే తేల్చాలి. మొదటి అర్థానికి ‘ఐ హావ్ జస్ట్ సీన్ టు ఆఫ్ దెమ్’ అనీ, రెండవదానికి ‘ఐ సా జస్ట్ టు ఆఫ్ దెమ్’ అనీ రాయండి.

8. కుదురుకున్న జంటలను విడదీయకండి

కొన్ని పదబంధాలను మాటకు మాట విడగొట్టి చూస్తే ఏ ఫలితమూ ఉండదు. వాటిని మొత్తంగానే నేర్చుకోవాలి. ‘జస్ట్ ఇన్ కేస్’ అంటే ఎందుకైనా మంచిదని. ‘జస్ట్ ఆజ్ వెల్’ అంటే అలా జరగడం మంచిదే అయింది. ‘జస్ట్ లైక్ దట్’ అంటే ఉన్నట్టుండి, ఇట్టే. ‘నాట్ జస్ట్ యెట్’ అంటే ఇప్పుడప్పుడే కాదు. ‘ఇట్ ఈజ్ జస్ట్ దట్...’ అని మొదలైతే ఒక చిన్న అభ్యంతరమో సంజాయిషీయో రాబోతోందని అర్థం. తెలుగులో ‘ఏమీ లేదు గానీ...’ అని మొదలుపెట్టినట్టే.

9. చెవికి అలవాటు చేసుకోండి

చదివినప్పుడు సులభంగా పట్టుబడే ఈ మాట వింటున్నప్పుడు జారిపోవడానికి కారణం ఉచ్చారణ. వేగంగా మాట్లాడేవారు, తరువాతి మాట హల్లుతో మొదలైతే చివరి ‘ట్’ను వదిలేస్తారు. ‘జస్ట్ నౌ’ కాస్తా ‘జస్ నౌ’ అవుతుంది. లోపలి అచ్చు కూడా బలహీనపడి కొందరి నోట ‘జెస్’ లాగా వినిపిస్తుంది. ‘న్యాయమైన’ అన్న విశేషణాన్ని మాత్రం ఇలా నలిపేయరు, నిండుగానే పలుకుతారు. మీరు కూడా ‘జస్టు’ అని చివర ఉకారం చేర్చి పలకకుండా చూసుకుంటే చాలు. ‘ట్’ను వదిలి పలకాలన్న నియమమేమీ లేదు.

10. ఫలితాన్ని పరీక్షించుకోండి

మొదటి పరీక్ష మార్పిడి. వాక్యంలో ‘జస్ట్’ తీసి దాని చోట వరుసగా ‘ఎగ్జాక్ట్లీ’, ‘ఓన్లీ’, ‘బేర్లీ’, ‘రియల్లీ’ పెట్టి చదవండి. కాలార్థం ఉందనిపిస్తే వాక్యం చివర ‘ఎ మొమెంట్ అగో’ అన్న భావం ఇముడుతుందేమో చూడండి. ఏది పెడితే సందర్భం చెడకుండా ఉంటుందో అదే అక్కడి అర్థం. రెండు మాటలు సమానంగా సరిపోతే వాక్యంలోనే రెండర్థాలు ఉన్నట్టు. అది మీరు రాసిన వాక్యమైతే ఏడవ మెట్టుకు వెళ్ళి దాన్ని దిద్దండి.

ఈ చిన్న పేరా మీద ప్రయత్నించి చూడండి: ‘ఐ హావ్ జస్ట్ స్పోకెన్ టు ద మేనేజర్. షి ఈజ్ జస్ట్ ఆజ్ వరీడ్ ఆజ్ వుయ్ ఆర్. వుయ్ హావ్ జస్ట్ టు డేస్ లెఫ్ట్, సో ప్లీజ్ జస్ట్ సెండ్ మి వాట్ యు హావ్. ఇట్ మైట్ జస్ట్ బి ఎనఫ్.’

మొదటిది క్రియను పట్టుకుని కాలం చెబుతోంది. రెండవది ‘ఆజ్’ను పట్టుకుని సమానతను చెబుతోంది. మూడవది సంఖ్యను పట్టుకుంది. నాలుగవది ‘ప్లీజ్’ పక్కన చేరి అభ్యర్థనను తేలిక చేస్తోంది, పని నిండుగా లేకపోయినా ఫరవాలేదన్న భరోసా ఇస్తోంది. ఐదవది ‘మైట్’తో కలిసి ఆశను చెబుతోంది. తెలుగులో ఇలా వస్తుంది: ‘మేనేజరుతో ఇప్పుడే మాట్లాడాను. మనం ఎంత కంగారుపడుతున్నామో ఆవిడా అంతే కంగారుపడుతున్నారు. ఇక రెండు రోజులే ఉన్నాయి కాబట్టి మీ దగ్గర ఉన్నదేదో పంపేయండి. ఏమో, అదే సరిపోయినా సరిపోవచ్చు.’ ‘జస్ట్’ ఐదుసార్లు వచ్చినా తెలుగులో ‘కేవలం’ అన్న మాట ఒక్కసారి కూడా అవసరపడలేదు. మీ అనువాదంలో అది రెండుసార్లకు మించి వస్తే నాలుగు, ఆరు మెట్లను మరొకసారి చదవండి.

రెండవ పరీక్ష తొలగింపు. మీరు రాసిన పేజీ తీసుకుని ‘జస్ట్’ కనబడిన ప్రతిచోటా పెన్సిలుతో గీత గీసి, ఆ మాట లేకుండా వాక్యాన్ని పైకి చదవండి. అర్థం మారితే దాన్ని తిరిగి ఉంచండి. అర్థం మారక స్వరం మాత్రమే కటువైతే, ఎవరికి రాస్తున్నారో చూసుకుని నిర్ణయించండి. ఏదీ మారకపోతే కొట్టేయండి. ‘ఐ జస్ట్ వాంటెడ్ టు జస్ట్ చెక్’ అన్నట్టు ఒకే వాక్యంలో రెండుసార్లు వచ్చినప్పుడు ఒకటి తప్పకుండా పోవాలి. దరఖాస్తులలో, అధికారిక ఉత్తరాలలో ‘ఐ యామ్ జస్ట్ రైటింగ్ టు...’ అని మొదలుపెట్టడం వల్ల రాసిన విషయం ప్రాధాన్యం లేనిదిగా తోస్తుంది. అక్కడ ‘ఐ యామ్ రైటింగ్ టు...’ అంటే సరిపోతుంది.

మూడవ పరీక్ష ఎదురుదారి. కింది తెలుగు వాక్యాలను ముందు మీరే ఇంగ్లీషులోకి మార్చి, తరువాత జవాబులతో పోల్చుకోండి: ‘ఇందాకే కలిశాను’, ‘వెళ్ళాలని లేదంతే’, ‘ఎందుకైనా మంచిదని గొడుగు తెచ్చుకున్నాను’, ‘అప్పుడే ఏడయిందా?’, ‘ఎవరికి పడితే వారికి ఇవ్వను’.

జవాబులు వరుసగా: ‘ఐ హావ్ జస్ట్ మెట్ హిమ్’, ‘ఐ జస్ట్ డోంట్ ఫీల్ లైక్ గోయింగ్’, ‘ఐ బ్రాట్ యాన్ అంబ్రెల్లా, జస్ట్ ఇన్ కేస్’, ‘ఈజ్ ఇట్ సెవెన్ ఆల్రెడీ?’, ‘ఐ వోంట్ గివ్ ఇట్ టు జస్ట్ ఎనీవన్’. మొదటిదానికి ‘ఐ జస్ట్ మెట్ హిమ్’, ‘ఐ మెట్ హిమ్ జస్ట్ నౌ’ కూడా సరైనవే. రెండవదానిలో మీరు ‘డోంట్ జస్ట్’ అని రాసి ఉంటే ఏడవ మెట్టులోని జంటలను పైకి చదవండి. నాలుగవదానిలో ‘జస్ట్’ పెట్టినవారు రెండవ మెట్టు చివరి పేరాను మళ్ళీ చూసి, ఇలాంటివే మరో రెండు ‘అప్పుడే’ ప్రశ్నలు తయారుచేసుకుని ‘ఆల్రెడీ’తో రాయండి.